సముద్రం కోసుకుపోయిన నేల చివరికి ఎక్కడికి పోతుంది?

తీరంబాట:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న సందేహం, ఇక్కడైతే ఎవరో ఒకరు తిట్టకుండా చెప్తారని అడుగుతున్నా. ఒకే తీరానికి యాభై అరవై ఏళ్ల తేడాతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తుంటారు కదా, పాతదాంట్లో రోడ్డు, ఇళ్లు, చెట్లు ఉంటాయి, కొత్తదాంట్లో అదే చోట నీళ్లు. కింద "సముద్రం మింగేసింది" అని రాస్తారు. సరే, మింగింది. మరి ఆ మన్నంతా ఏమైంది? ఉప్పులా కరిగిపోదు కదా, అన్ని టన్నుల మట్టి ఎక్కడో ఒకచోట తేలాలి.

ఇంకోటి. అదే ఫొటోల్లో ఒక కొండ చెక్కుచెదరకుండా ఉంటుంది, దానికి అర కిలోమీటరు దూరంలోనే ఒడ్డు బాగా లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. అదే సముద్రం, అవే అలలు, ఎందుకీ పక్షపాతం? పైగా ఇలా పొడుచుకొచ్చినవన్నీ అరగదీసుకుంటూ పోతే చివరికి తీరమంతా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అయిపోతుందా?

రాతిగుండు:
రెండో ప్రశ్నతో మొదలుపెడతా, అదే తేలిక. పక్షపాతం సముద్రానిది కాదు, రాయిది. గ్రానైట్ కొండ ఏడాదికి మిల్లీమీటరు కూడా అరగదు. గట్టి సున్నపురాయి మిల్లీమీటర్ల లెక్కలో, మహా అయితే సెంటీమీటరు. సుద్దరాయి అయితే సెంటీమీటర్లు, పదుల సెంటీమీటర్లు. మంచుయుగంలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన బంకమట్టి గుట్టలు ఏడాదికి మీటర్ల లెక్కలో పోతాయి. అంటే ఒకే తుఫాను ఒకచోట గోరంత గీకితే పక్కన గదంత కొట్టుకుపోతుంది.

అందరూ అనుకునేది అల నీటితో కోస్తుందని. ఉత్త నీళ్లు రాతిని కోయడం చాలా నెమ్మది. అల వచ్చి కొండకు కొట్టినప్పుడు పగుళ్లలో ఉన్న గాలి బయటికి పోయే దారిలేక నొక్కుకుపోతుంది, అల వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా విప్పారుతుంది. రోజుకు కొన్ని వేల సార్లు ఇదే పని. పగులు కాస్త వెడల్పవుతుంది, అందులో రాయి వదులవుతుంది, ఊడిపడుతుంది. ఊడిపడ్డ రాయి ఊరికే ఉండదు, తర్వాతి అల దాన్నే ఎత్తి కొండకేసి కొడుతుంది. కొండను కోసే రంపానికి పళ్లు కొండే ఇస్తుంది అనుకోండి. అలా దొర్లి దొర్లి ఆ రాయి గులకరాయి అవుతుంది, గులకరాయి ఇసుక అవుతుంది.

ఇంకా ఒక తమాషా ఉంది. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదిస్తుంది. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ ముందు లోతు తొందరగా తగ్గుతుంది కాబట్టి అక్కడ అల ముందే నెమ్మదిస్తుంది, అటూఇటూ ఉన్న భాగం ఇంకా వేగంగానే వస్తుంటుంది, దాంతో అల వరస మొత్తం వంగి కొండముక్కును రెండువైపులా చుట్టుకుంటుంది. దెబ్బంతా ముక్కు మీదే. పక్కనున్న అఖాతంలోకి వెళ్లేసరికి అదే అల పరుచుకుని పలచబడిపోతుంది, అందుకే అఖాతం లోపల ఇసుక నిలుస్తుంది. మెత్తటి మట్టి ముందు పోతుంది, గట్టి రాయి ముక్కులా మిగులుతుంది, మిగిలిన పాపానికి దెబ్బలన్నీ దానికే.

ఉప్పుగాలి:
రాతిగుండు గారు చెప్పిన కొండముక్కు కథే చివరిదాకా చూడాలంటే రాతి కమానులు చూడాలి. ముక్కుకి ఒక పక్క పగులులో గుహ పడుతుంది, రెండో పక్కా పడుతుంది, రెండూ కలిస్తే కమాను. కమాను పైకప్పు కూలితే నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ స్తంభం, ఆ స్తంభం మొదలు కూడా తినేస్తే కూలి మొండెం మిగులుతుంది, పోటు వస్తే అది కూడా మునిగిపోతుంది. మాల్టాలో గోజో దీవి దగ్గర అజూర్ విండో అని ఉండేది, పోస్టర్లలో చూసే ఉంటారు. 2018లో తుఫానుకు కూలిపోయింది. కమాను ఒక్కటే కాదు, దాన్ని మోసే స్తంభం కూడా పోయింది, ఇప్పుడు అక్కడ ఖాళీ.

పాతమ్యాపులు:
చిన్న సవరణ, 2018 కాదు, 2017 మార్చి 8. మిగతాదంతా కరెక్టే.

కూలడం ఎంత హఠాత్తుగా ఉంటుందో చెప్పాలంటే ఆస్ట్రేలియాలో విక్టోరియా తీరం మంచి ఉదాహరణ. అక్కడ లండన్ బ్రిడ్జ్ అని రెండు కమానులున్న సున్నపురాయి ముక్కు ఉండేది. 1990 జనవరి 15న ఒడ్డుకు ఆనుకున్న కమాను కూలిపోయింది, ఆ సమయానికి ఇద్దరు టూరిస్టులు అవతలి కొసన ఉన్నారు. వాళ్లు నడిచి వెళ్లిన దారి వెనకాలే మాయమైపోయింది, హెలికాప్టర్ వచ్చి దించాల్సి వచ్చింది. ఆ దగ్గర్లోనే ట్వెల్వ్ అపోసల్స్ (పన్నెండు మంది యేసు శిష్యులు) అనే స్తంభాల గుంపు, అందులో ఒకటి 2005 జూలైలో కుప్పకూలింది. పెద్ద తుఫాను రోజేం కాదు. లక్షల అలలు తిన్నాక చివరి అల ఏదైనా ఒకటే.

గవ్వలోడు:
పన్నెండు మంది అని పేరు, ఉన్నది ఎనిమిది. హాజరుపట్టీ ఎవరు రాశారో.

పాతమ్యాపులు:
@గవ్వలోడు ఆ పేరు పెట్టినప్పుడు కూడా పన్నెండు లేవు, తొమ్మిదే. టూరిస్టులకు వినసొంపుగా ఉంటుందని పెట్టారు. కానీ ఒకటి గమనించండి, వెనకున్న కొండ ఇంకా కోతపడుతూనే ఉంది, కాబట్టి పాతవి కూలుతుంటే కొత్త స్తంభాలు పుట్టే అవకాశం కూడా అక్కడే ఉంది. మనం చూసేది ఎనిమిది విడివిడి రాళ్లను కాదు, ఒకే కొండ వెనక్కి నడుస్తూ వదిలిన గుర్తులను.

ఊటనీరు:
అలల గురించే మాట్లాడుతున్నారు, సగం కేసుల్లో దెబ్బ పైనుంచి వస్తుంది. వాన. పైన నీరు పట్టే పొర, కింద నీరు దిగని బంకమన్ను ఉంటే, వాననీరు ఇంకి ఆ రెంటి మధ్య చేరుతుంది. మన్ను బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది, ఒక పెద్ద ముక్క కుర్చీలో వెనక్కి జారగిలబడ్డట్టు తిరుగుతూ కిందికి జారుతుంది. ఇంగ్లండ్‌లో స్కార్‌బరో దగ్గర 1993 జూన్‌లో హోల్‌బెక్ హాల్ అనే హోటల్ ఇలాగే పోయింది. హోటల్‌కూ కొండ అంచుకూ మధ్య దాదాపు 70 మీటర్ల పచ్చిక బయలు ఉండేది, అదంతా జారిపోయి హోటల్ కూడా సగం విరిగి వేలాడింది. రెండు మూడు రోజుల వ్యవహారం. అల ఆ హోటల్‌ను తాకనే లేదు.

అయితే అల పాత్ర లేదా అంటే ఉంది. జారిపడ్డ మన్ను కొండ పాదాల దగ్గర కుప్పగా ఉన్నంతకాలం అదే కొండకు ఊతం. ఆ కుప్పను అలలు ఊడ్చుకుపోతే కొండ నిటారుగా నిలబడుతుంది, మళ్లీ జారడానికి రెడీ. వాన పడేస్తుంది, సముద్రం ఎత్తుకుపోతుంది. ఇద్దరు దొంగల పొత్తు.

తీరంబాట:
ఇది నాకు అస్సలు తెలీదు, థాంక్స్. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎత్తుకుపోయి ఎక్కడ పెడుతోంది?

పాతమ్యాపులు:
వస్తున్నా, దానికోసమే కాచుక్కూర్చున్నా. ఇంగ్లండ్ తూర్పున హోల్డర్‌నెస్ అని దాదాపు 60 కిలోమీటర్ల తీరం, మొత్తం హిమానీనదాలు వదిలిన బంకమట్టి. సగటున ఏడాదికి దగ్గర దగ్గర రెండు మీటర్లు పోతుంది, యూరప్‌లో బాగా వేగంగా తరిగే తీరాల్లో ఒకటి. రోమన్ల కాలం నుంచి ఇప్పటికి ఐదారు కిలోమీటర్ల నేల పోయింది, దాంతోపాటు ముప్పై దాకా ఊళ్లు. పాత మ్యాపుల్లో పేర్లు ఉంటాయి, ఇప్పుడు అక్కడ పడవలే.

ఇప్పుడు మన్ను సంగతి. కొండ కూలినప్పుడు అందులో మెత్తటి బంక నీళ్లలో కలిసి బురదనీరై దూరంగా పోతుంది, కొంత లోతు సముద్రంలో, కొంత నదీముఖాల్లోని బురదమేటల్లో తేలుతుంది. ఎక్కువ భాగం ఇదే. ఇసుక, గులకరాళ్లు మాత్రం బరువు కాబట్టి ఒడ్డును పట్టుకునే పోతాయి. అల ఏటవాలుగా వచ్చి ఇసుకను ఒడ్డు మీదికి ఐమూలగా తోస్తుంది, వెనక్కి జారేటప్పుడు మాత్రం వాలు ఎటుంటే అటు తిన్నగా దిగుతుంది. మళ్లీ ఐమూలగా ఎక్కడం, తిన్నగా దిగడం. రంపపు పళ్లలాంటి ఈ నడకలో ఒక్కో రేణువు తీరం వెంబడి కిలోమీటర్లు పోతుంది. హోల్డర్‌నెస్‌లో అలా దక్షిణానికి పోయిన ఇసుకంతా చివర స్పర్న్ అనే సన్నటి నాలుకగా మేటవేసింది, హంబర్ నది ముఖంలోకి వంగిన ఐదారు కిలోమీటర్ల ఇసుక నాలుక.

ఇంకా చోద్యం ఏంటంటే ఆ స్పర్న్ కొసన మేటవేసిన ఇసుక మీద 13వ శతాబ్దంలో రావెన్సర్ ఆడ్ అని ఒక రేవుపట్నమే వెలిసింది. చేపల వ్యాపారం, సంతలు, పార్లమెంటుకు ప్రతినిధులు, అంతా ఉండేది. వందేళ్లు నిండేసరికి అలలు దాన్ని తినడం మొదలుపెట్టాయి, 1362 జనవరి తుఫానుతో పట్నం పేరు మిగిలింది. ఒక ఊరి నేలను కోసి తెచ్చి ఇంకో ఊరికి పునాది వేసింది, మళ్లీ దాన్నీ తీసుకుపోయింది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

సగటుమనిషి:
"సగటున రెండు మీటర్లు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రతి ఏడాదీ బుద్ధిగా రెండు మీటర్లు పోతుందని ఎవరూ అనుకోవద్దు. ఐదారేళ్లు ఒక్క అంగుళం కదలకుండా ఉండి ఒక్క చలికాలంలో పది మీటర్లు ఊడిపడొచ్చు. సగటు చూసి "మా ఇంటికీ అంచుకూ నలభై మీటర్లుంది, ఇంకా ఇరవై ఏళ్ల దాకా ఢోకా లేదు" అని లెక్కేసుకోవడం ఎంత ప్రమాదమో ఊహించండి. లెక్క తప్పు కాదు, లెక్కను నమ్మిన విధానం తప్పు.

సిమెంట్‌మనిషి:
అందరూ కథలు బాగా చెప్తున్నారు గానీ, ఊళ్లు పోతుంటే చూస్తూ కూర్చోవాలా? పదిహేనేళ్లు కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాడిగా చెప్తున్నా, సరిగ్గా పునాది దించి గోడ కడితే, ముందు పెద్ద బండరాళ్లు పోస్తే, ఇసుకను పట్టి ఉంచడానికి నీళ్లలోకి అడ్డంగా రాళ్లకట్టలు వేస్తే కోత ఆగుతుంది. ఆగినచోట్లు వంద చూపిస్తా. డబ్బు ఖర్చు పెట్టడం ఇష్టంలేక ప్రకృతి అది ఇది అని సాకులు చెప్తారు.

ఇసుకలెక్క:
సిమెంట్ అన్నా, గోడ కట్టినచోట కోత ఆగుతుంది, అందులో వాదన లేదు. పక్కన ఏమైందో కూడా చూపించు.

అదే హోల్డర్‌నెస్‌లో మాపుల్టన్ అని చిన్న ఊరు. రోడ్డు పోయేట్టుందని 1991లో రెండు రాళ్లకట్టలు వేశారు, కొండ పాదాల్లో బండలు పోశారు. ఊరు నిలిచింది. ఉత్తరం నుంచి నడిచొచ్చే ఇసుక ఆ కట్టల దగ్గర ఆగిపోయింది. దక్షిణాన ఉన్న పొలాలకు ఇసుక అందక ఒడ్డు బోడిగా అయింది, కోత ఎక్కువైంది, అక్కడున్న వ్యవసాయ భవనాలు పోయాయి. అమెరికాలో మేరీల్యాండ్ తీరం ఇంకా పెద్ద పాఠం. 1933 తుఫాను ఓషన్ సిటీ దగ్గర సన్నటి ఇసుక దీవిని తెగ్గొట్టి కొత్త దారి చేసింది. పడవలకు బాగుంటుందని ఆ దారికి రెండువైపులా రాతి కట్టలు కట్టి అలాగే ఉంచేశారు. ఉత్తరాన ఓషన్ సిటీలో ఇసుక పేరుకుంది, దక్షిణాన అసాటీగ్ దీవి ఉత్తర కొస ఇసుక అందక అర కిలోమీటరుకు పైగా ప్రధాన భూమి వైపు జరిగిపోయింది. ఇవాళ పైనుంచి చూస్తే ఒకప్పుడు ఒకే గీత మీదున్న రెండు దీవులు మెట్టులా కనిపిస్తాయి.

తీరం అంటే ఇసుకకు ఒక బ్యాంకు ఖాతా లాంటిది అనుకో. ఎక్కడో కొండ కూలితే అది ఇక్కడ జమ. నువ్వు కూలకుండా ఆపితే ఆపినంత మేరా కింది వాళ్ల ఖాతాలో జమ ఆగిపోయినట్టే. ఖర్చు మాత్రం ఆగదు.

సిమెంట్‌మనిషి:
సరే, కింది వాళ్లకి కూడా కట్టండి.

ఇసుకలెక్క:
వాళ్ల కిందివాళ్లకి?

గవ్వలోడు:
చివరికి భూగోళం చుట్టూ గోడ కట్టి గేటు పెడదాం.

ఇసుకలెక్క:
గవ్వలోడు నవ్వులాటకి అన్నా పాయింటు అదే. ఇంకోటి, నిటారు గోడకు కొట్టిన అల వెనక్కి తన్ని గోడ ముందున్న ఇసుకను తోడేస్తుంది. గోడ బాగుంటుంది, బీచ్ పోతుంది, ఆనక గోడ పునాదే బయటపడుతుంది.

ఇసుకను తీసేస్తే ఏమవుతుందో తెలియాలంటే హాల్‌శాండ్స్ కథ వినాలి. ఇంగ్లండ్ దక్షిణాన డెవన్‌లో జాలరుల పల్లె, కొండ పాదాల్లో ఇళ్లు, ముందు గులకరాళ్ల బీచ్. 1897 నుంచి ప్లిమత్‌లో నౌకాదళ రేవు విస్తరణ కోసం ఆ పల్లె ముందు సముద్రంలోంచి గులకరాళ్లు తవ్వుకెళ్లారు, ఆరు లక్షల టన్నులకు పైనే. సముద్రమే మళ్లీ తెచ్చి పోస్తుందిలే అనుకున్నారు. అక్కడి గులకరాళ్లు పాతకాలపు నిల్వ, కొత్తగా వచ్చి చేరేవి కావు. బీచ్ మీటర్ల లెక్కలో కిందికి దిగింది. పల్లెవాళ్లు గోలచేస్తే 1902లో తవ్వకం ఆపారు గానీ అప్పటికే ఆలస్యమైంది. 1917 జనవరి 26 రాత్రి పోటు, తుఫాను కలిసి వచ్చి పల్లెను ఊడ్చేశాయి. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. ఏడాది చివరికి ఉండటానికి వీలున్న ఇల్లు ఒక్కటే మిగిలిందట. అక్కడ గోడలు లేక కాదు పోయింది, బీచ్ లేక.

సిమెంట్‌మనిషి:
హాల్‌శాండ్స్ సంగతి తెలీదు, బాధేసింది. అయినా నెదర్లాండ్స్ వాళ్లని చూడండి, సముద్రమట్టం కంటే కింద బతుకుతున్నారు. వాళ్లు గోడలు కట్టుకోకుండా ఊరుకున్నారా?

ఇసుకలెక్క:
మంచి ఉదాహరణే ఎత్తావు. వాళ్లకి గట్లు, గేట్లు ఉన్నాయి, నిజమే. కానీ ఇసుక తీరాల దగ్గర వాళ్లు ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇసుక పోయడం. 1990లో తీరరేఖ ఉన్నచోటే ఉండాలని నిర్ణయం చేసుకుని, లోతు సముద్రం నుంచి ఇసుక తోడి ఏటా ఒడ్డుకు చేరుస్తున్నారు. 2011లో అయితే హేగ్ నగరం దగ్గర 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట కొండలా పోసి వదిలేశారు, దాన్ని అక్కడివాళ్లు ఇసుక ఇంజన్ అంటారు. మిగతా పని అలలది, గాలిది. అవే మెల్లగా అటూఇటూ పంచుకుంటూ పోతాయి. కోతను శత్రువులా ఆపకుండా కూలీలా వాడుకున్నారు. ఖర్చు లేదని కాదు, పోసిన ఇసుక శాశ్వతమూ కాదు, మళ్లీ పోయాల్సిందే.

తీరంబాట:
ఇక్కడో అనుమానం. కొన్ని బీచ్‌లు గాలివానల కాలంలో సగం అయిపోయి తర్వాత మళ్లీ వెడల్పవుతాయి. అది కూడా కోతేనా?

రాతిగుండు:
అది ఊపిరి లాంటిది. తుఫాను అలలు నిటారుగా విరిగి పడతాయి, వెనక్కి లాగే బలం ఎక్కువ. పై ఇసుకను లాగి ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ల కింద దిబ్బలా పెడతాయి. ఆ దిబ్బ వల్ల తర్వాతి పెద్ద అలలు ఒడ్డుకు రాకముందే విరుగుతాయి, అంటే బీచ్ తన ఇసుకతో తనే అడ్డుకట్ట కట్టుకుంటుంది. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు అదే ఇసుకను కొద్దికొద్దిగా మళ్లీ పైకి తోస్తాయి. కాబట్టి ఒక తుఫాను మర్నాడు ఫొటో తీసి "బీచ్ పోయింది" అనడం తొందరపాటు. చాలా ఏళ్ల లెక్కలో పోయింది ఎక్కువా, వచ్చింది ఎక్కువా అన్నదే అసలు కోత.

ఏటిమన్ను:
ఖాతా ఉపమానం బాగుంది, కానీ జమ చేసేది కూలే కొండలే అన్నట్టు వచ్చింది. చాలా తీరాలకు పెద్ద దాత నది. నదిని పైన ఆపితే కింద తీరం ఎండుతుంది. నైలు నది డెల్టా వేల ఏళ్లుగా ఒండ్రుతో పెరిగింది. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ఆ ఒండ్రంతా డ్యామ్ వెనక జలాశయంలోనే దిగబడిపోతోంది, రోసెట్టా పాయ సముద్రంలో కలిసేచోట పొడుచుకొచ్చిన నేల కొస వేగంగా వెనక్కి తగ్గింది. మిసిసిపీ ముఖద్వారం ఉన్న లూసియానా తీరంలో 1932 నుంచి ఇప్పటిదాకా దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల నేల నీళ్లపాలైంది. అక్కడ కోత ఒక్కటే కాదు, గట్ల మధ్య బంధించిన నది కొత్త మన్ను పోయదు, పాత మన్ను తన బరువుకు తనే కుంగిపోతుంది, చమురు కోసం తవ్విన కాలువల వెంట ఉప్పునీరు లోపలికొచ్చి మడుగుల్లో మొక్కల్ని చంపుతుంది. అన్నీ కలిసి.

తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద రెండు డ్యామ్‌లను 2011 నుంచి 2014 మధ్య కూల్చేశారు, ముఖ్యంగా సాల్మన్ చేపల కోసం. వందేళ్ల నాటి మన్ను ఒక్కసారిగా దిగి నది ముఖం దగ్గర కొత్త ఇసుకనేల తయారైంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ తీరం కోతపడుతూ ఉండేది.

సగటుమనిషి:
వేల ఏళ్ల కిందటి కోత వేగం ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు గానీ నాకు నచ్చిన విషయం, చెప్పేస్తా. కొండ వెనక్కి తగ్గేకొద్దీ ముందు చదునైన రాతి అరుగు మిగులుతుంది. కొండ కింద ఉన్నన్నాళ్లు ఆ రాతికి ఆకాశం కనపడదు, కొండ తొలగగానే అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తగిలి రాతిలో బెరీలియం-10 అనే ఒక రకం పరమాణువులు పుట్టడం మొదలవుతుంది. అరుగు మీద అక్కడక్కడ రాయి తీసి ఆ బెరీలియం ఎంతుందో కొలిస్తే ఏ చోటు ఎప్పుడు బయటపడిందో తెలుస్తుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బీచీ హెడ్ తెల్ల సుద్దకొండల దగ్గర ఇలా చేస్తే, వేల ఏళ్లపాటు ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్లు మాత్రమే పోయిందని, ఈ మధ్య నూట యాభై ఏళ్లలో అది 22 నుంచి 32 సెంటీమీటర్లకు పెరిగిందని తేలింది. 2016లో వచ్చింది ఆ అధ్యయనం. కొండ ముందు ఒకప్పుడు ఉన్న గులకరాళ్ల బీచ్ పలచబడిపోవడం ముఖ్య కారణమన్నారు. మళ్లీ ఇసుకలెక్క గారి ఖాతా దగ్గరికే వచ్చాం.

ఉప్పుగాలి:
ఒక దీవి పుట్టుక నుంచి కోతను కళ్లారా చూడాలంటే ఐస్‌ల్యాండ్ దగ్గర సర్ట్సీ. 1963 నవంబరులో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి పుట్టింది, 1967 దాకా లావా వచ్చింది. అప్పుడు 2.7 చదరపు కిలోమీటర్లు. 2012 నాటికి 1.3. సగం పోయింది! వదులుగా ఉన్న బూడిద ముందు పోయింది, లావా పలకలు తర్వాత విరుగుతున్నాయి, మధ్యలో బూడిద గట్టిపడి రాయైన భాగం మాత్రం మొండిగా ఉంది. రాతిగుండు గారి మొదటి పోస్టు మొత్తం ఒక్క దీవిలో, యాభై ఏళ్లలో.

ఇంకో చివర ఆర్కిటిక్. అలాస్కాలో డ్రూ పాయింట్ దగ్గర ఒడ్డు అంటే గడ్డకట్టిన మట్టి, మంచే దానికి సిమెంటు. కాస్త వెచ్చటి నీళ్లు పాదం దగ్గర కరిగించి లోపలికి గాడి చేస్తే పైనున్న ముక్క ఇల్లంత దిమ్మలుగా విరిగి పడుతుంది. ఏడాదికి ఇరవై మీటర్ల దాకా పోతోంది, అదీ సముద్రం గడ్డకట్టని కొద్ది నెలల్లోనే. ఆ నెలలు ఇప్పుడు పెరుగుతున్నాయి.

తీరంబాట:
మూడో ప్రశ్న మిగిలింది సార్లూ. తిన్నటి గీత?

రాతిగుండు:
కొంతవరకు అటే పోతుంది. ముక్కులు అరుగుతాయి, అఖాతాలు ఇసుకతో నిండుతాయి. కానీ అరిగేకొద్దీ కొండ ముందు ఆ రాతి అరుగు వెడల్పవుతుంది, అల దానిమీద ఈడ్చుకుంటూ వచ్చేసరికి బలం అయిపోతుంది. కోత తన పనికి తనే అడ్డం పడుతుంది.

పాతమ్యాపులు:
నాకైతే "చివరికి" అన్న మాటే కుదరదనిపిస్తుంది. గీత తిన్నగా అయ్యేంత టైమ్ సముద్రం ఒకచోట నిలబడితే కదా. 20 వేల ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. బ్రిటన్ నుంచి డెన్మార్క్‌కు నడిచి వెళ్లేంత నేల ఉండేది. 1931లో ఉత్తర సముద్రంలో చేపల వలలో పీట్ మట్టిగడ్డ పడితే అందులో కొమ్ముతో చెక్కిన వేల ఏళ్ల నాటి ఈటెమొన దొరికింది, ఇప్పుడు ఆ మునిగిన నేలను డాగర్‌ల్యాండ్ అంటున్నారు. మంచు కరిగి మట్టం పెరుగుతూ వచ్చి ఇప్పుడున్న ఎత్తుకు దగ్గరగా వచ్చింది ఓ ఆరేడు వేల ఏళ్ల క్రితం. అంటే మనం చూసే తీరాలన్నీ నిన్నగాక మొన్న పుట్టినవే, పని ఇంకా మొదట్లోనే ఉంది. మట్టం మళ్లీ పెరుగుతోంది కాబట్టి అలలు మళ్లీ కొత్తచోట మొదలుపెడతాయి.

రాతిగుండు:
ఒప్పుకుంటా. నేను రాయిని చూసి చెప్పా, మీరు నీటిమట్టాన్ని చూసి చెప్పారు.

ఊటనీరు:
కోత ఎప్పుడూ పోగొట్టడమే కాదని ఒక్కటి చెప్పాలి. ఇంగ్లండ్‌లో హేస్‌బరా తీరంలో 2013 మే నెలలో అలలు పై ఇసుకను ఊడ్చేస్తే కింద పాత బురద పొరలో పాదముద్రలు బయటపడ్డాయి. పెద్దలవీ పిల్లలవీ, ఎనిమిది లక్షల ఏళ్లకు పైబడినవి. ఆఫ్రికా బయట దొరికిన మనిషి జాతి అడుగుల్లో అన్నిటికంటే పాతవి. పరిశోధకులు వానలో నిలబడి ఫొటోలు తీసుకుని కొలతలు తీసుకున్నారు. రెండు వారాల్లో ఆ అలలే వాటిని చెరిపేశాయి.

సిమెంట్‌మనిషి:
ఈ చర్చంతా చదివాక గోడల మీద నా మాట కొంచెం తగ్గించుకుంటున్నా, పూర్తిగా కాదు. ఒక రేవు, ఒక ఆస్పత్రి ఉన్నచోట గోడ కట్టాల్సిందే. కానీ కట్టలేనిచోట ఏంచేయాలి? ఖాళీ చేసి పొమ్మంటే సరిపోతుందా?

పాతమ్యాపులు:
మనుషుల సంగతి కష్టం, దానికి తేలిక జవాబు ఎవరి దగ్గరా లేదు. కట్టడం అయితే జరిపినవాళ్లున్నారు. అమెరికాలో కేప్ హటెరాస్ లైట్‌హౌస్ 1870లో కట్టినప్పుడు సముద్రానికి దాదాపు 450 మీటర్ల దూరం. 1970 నాటికి 40 మీటర్లు కూడా లేదు. చుట్టూ గోడ కట్టి దీవిలా చేద్దామా అని కూడా ఆలోచించారు, చివరికి 1999లో మొత్తం లైట్‌హౌస్‌ను ఉన్నదున్నట్టు ఎత్తి 880 మీటర్లు జరిపారు. ఇప్పుడు మళ్లీ సముద్రానికి దూరం కట్టినరోజు ఎంతో దాదాపు అంతే.

సిమెంట్‌మనిషి:
ఆగండాగండి. ఇటుక లైట్‌హౌస్‌ని ఉన్నదున్నట్టు ఎత్తారా? బరువెంత?

పాతమ్యాపులు:
4,800 టన్నులు. కింద పునాది కోసి, ఉక్కు దూలాలు దూర్చి, హైడ్రాలిక్ జాకీలతో లేపి పట్టాల మీద నెట్టారు. 23 రోజులు పట్టింది.

సిమెంట్‌మనిషి:
పునాది కోసేటప్పుడు పైబరువు దేనిమీద ఆపారు? మధ్యలో ఇసుకనేల కుంగకుండా కింద ఏం పరిచారు? దీనికి వేరే చర్చ పెడుతున్నా, అందరూ అక్కడికి రండి.

గవ్వలోడు:
తీరం మన్ను ఎక్కడికి పోయిందో తేలింది గానీ, సిమెంట్ అన్న ఎటు పోయాడో చూడండి.